రాత్రి ఎవరి వంతు?

అది రిలీజ్ వారం. రాత్రి 9.30 కాల్‌లో 32 మందిమి ఉన్నాం. ఒకరి తర్వాత ఒకరు స్టేటస్ చెప్పుకుంటూ వస్తున్నారు. హైదరాబాద్ టీమ్‌లో డేటాబేస్ పని చూసే సీనియర్ ఇంజినీర్ వంతు వచ్చేసరికి 9.50 దాటింది. అతను మ్యూట్ తీయగానే సన్నాయి, డోలు వినిపించాయి. ఆ వెంటనే గట్టిమేళం. దాని మీద గొంతు పెంచి, "మైగ్రేషన్ స్క్రిప్ట్ రెడీ, రేపు టెస్ట్ చేస్తాం" అని చెప్పి మళ్లీ మ్యూట్ చేసుకున్నాడు. సియాటిల్ నుంచి ఎవరో "మ్యూజిక్ బాగుంది" అన్నారు. కాల్ ముందుకు సాగిపోయింది.

అతను ఎక్కడి నుంచి మాట్లాడాడో నాకు పది రోజుల తర్వాత తెలిసింది. అదీ మరొకరి నోట. తణుకులో ఒక కల్యాణ మండపం. భోజనాల షెడ్డు వెనక, ఒకదానిమీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, పట్టుపంచెతో నిలబడి మాట్లాడాడు. లోపల జరుగుతున్నది అతని అక్క కూతురి పెళ్లి. పిల్లను బుట్టలో మోసుకొచ్చి మండపంలో కూర్చోబెట్టాల్సిన మేనమామ అతనే. ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు. వరసకు మేనమామ అయ్యే ఇంకొకాయన ఆ పని కానిచ్చాడు. పెళ్లి ఫొటోల్లో ఆ ఘట్టంలో ఇతను లేడు.

నిజానికి అతను లీవు పెట్టుకున్నాడు. "రిలీజ్ వారం కదా, ఓ పదిహేను నిమిషాలు కనిపించి వెళ్లు" అన్నది నేను. ఆ కాల్‌కు ఆ టైమ్ పెట్టిందీ నేనే. అతను కాదనలేదు. అక్క ఏమందో, ఆ పిల్ల ఏమనుకుందో నాకు చెప్పలేదు. నేనూ చాలాకాలం అడగలేకపోయాను.

సంగతి తెలిసిన రాత్రి ఒక కాగితం తీసుకుని పట్టిక గీశాను. అప్పటికి మా టీమ్ సియాటిల్‌లో నలుగురు, పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఆరుగురు, హైదరాబాద్‌లో నాతో కలిపి 17 మంది, మనీలాలో ఐదుగురు. కాల్ మొదలయ్యే వేళకు సియాటిల్‌లో ఉదయం 9 గంటలు. క్రాకోవ్‌లో సాయంత్రం 6. మనకు రాత్రి 9.30. మనీలాలో సరిగ్గా అర్ధరాత్రి. ఒక్కో ఊరి పక్కన ఆ వేళకు ఆ ఇంట్లో ఏం జరుగుతూ ఉంటుందో కూడా రాశాను. కాఫీ. పిల్లల్ని ఇంటికి తెచ్చుకునే వేళ. భోజనం, అమ్మానాన్నలతో నాలుగు మాటలు. నిద్ర. నలుగురి కాఫీ వేళ కోసం 28 మంది తమ సాయంత్రాల్నీ రాత్రుల్నీ సర్దుకుంటున్నారు. అంతకుముందు ఆ లెక్క ఎవరూ వేయలేదు. మేనేజర్‌గా అది నా పని, నేను చేయలేదు.

వేరువేరు దేశాల మనుషులతో పని చేయించడం గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. నేను నేర్చుకున్నది మాత్రం ఒక్కటే. దూరాన్ని మీరు తగ్గించలేరు, దాని బరువును పంచగలరు. బరువంతా ఒకే ఊరు మోస్తుంటే మీ దగ్గర ఉన్నది టీమ్ కాదు, ఒక హెడ్డాఫీసూ దానికింద కొన్ని కూలిపనుల కేంద్రాలూ. ఈ అధ్యాయంలో చెప్పబోయేదంతా ఆ పంపకం గురించే.

గడియారం దగ్గర మొదలుపెట్టండి

మన దేశంలో ఏడాది పొడుగునా ఒకటే టైమ్. ఫిలిప్పీన్స్‌లోనూ అంతే. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. యూరప్‌లో అదే పని మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం చేస్తారు. అందువల్ల నవంబర్ వచ్చేసరికి సియాటిల్ ఉదయం 9 మనకు రాత్రి 10.30 అయి కూర్చుంటుంది, మనీలాలో ఒంటిగంట. మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబర్ చివర ఒక వారం క్రాకోవ్ వాళ్లకు అదే కాల్ గంట ముందే వచ్చేస్తుంది. ఆ వారాల్లో డే కేర్ నుంచి బిడ్డను తెచ్చుకోవడానికి వెళ్లిన తల్లిని "మీటింగ్‌కు ఎందుకు రాలేదు?" అని అడిగిన మేనేజర్లను చూశాను. జనవరిలోనే ఈ నాలుగు తేదీలూ టీమ్ క్యాలెండర్‌లో వేసేయండి. ఇంకో చిన్న సంగతి. మీటింగ్ ఆహ్వానాన్ని ఏ ఊరి టైమ్ మీద పెడితే ఆ ఊరి గంట కదలదు, మిగతా ఊళ్లే కదులుతాయి. కాబట్టి ఆ ఆహ్వానం ఎవరి ఊరి టైమ్ మీద ఉందో ఒకసారి చూసుకోండి.

నాలుగు ఊళ్లకూ పగలుగా ఉండే గంట కోసం నేను చాలా వెతికాను. లేదు. సియాటిల్‌కూ మనీలాకూ కుదిరే వేళ ఒకటుంది. సియాటిల్‌లో సాయంత్రం 5, మనీలాలో మర్నాడు ఉదయం 8. కానీ అప్పుడు మనకు తెల్లవారుజాము 5.30, క్రాకోవ్‌లో రాత్రి 2 గంటలు. ఏ గంట తీసుకున్నా ఎవరో ఒకరు నష్టపోవాల్సిందే. అలాంటప్పుడు న్యాయంగా చేయగలిగింది ఒకటే, వంతులు వేసుకోవడం. మాగాణి ఊళ్లలో కాలవ నీళ్లకు వంతులుంటాయి. ఈ రాత్రి ఒక రైతు పొలం దగ్గర పడుకుంటే మర్నాటి రాత్రి ఇంకో రైతు పడుకుంటాడు. మేమూ అదే చేశాం. ఒక నెల సియాటిల్ ఉదయం 9. మరో నెల హైదరాబాద్ ఉదయం 9.30. అప్పుడు మనీలాకు మధ్యాహ్నం 12, సియాటిల్‌కు ముందురోజు రాత్రి 9. క్రాకోవ్‌కు ఆ వేళ పొద్దున 6 అవుతుంది కాబట్టి ఆ నెల వాళ్లను పిలవలేదు. ముందురోజు సాయంత్రం వాళ్లు రాసి పంపింది కాల్ మొదట్లోనే చదివి, దాని మీద తేలిన విషయం వాళ్లకు రాసేవాళ్లం.

సియాటిల్‌కు రాత్రి వంతు మొదలైన మూడో వారంలో అక్కడి లీడ్ నాకు మెసేజ్ పెట్టాడు. "రాత్రి 9 అంటే మా చిన్నవాణ్ని పడుకోబెట్టే టైమ్. ఈ మీటింగ్ రోజూ అవసరమా?" మంచి మనిషి, పనిమంతుడు. అంతకుముందు రెండేళ్లపాటు అదే మీటింగ్‌లో రోజూ గంటసేపు కూర్చున్నాడు. ఆ ప్రశ్న ఒక్కసారీ అడగలేదు, అతనికి అడగాల్సిన అవసరం కలగలేదు కాబట్టి. ఆ వారమే ఐదు రోజుల కాల్ రెండు రోజులకు తగ్గింది. గంట కాస్తా 25 నిమిషాలైంది. మిగతా మూడు రోజుల స్టేటస్ రాతలోకి వెళ్లింది. పని ఏదీ ఆగలేదు.

దీనిమీద కాస్త నిదానంగా ఆలోచించండి. మీటింగ్ వల్ల ఏమీ పోగొట్టుకోనివాళ్లు దాన్ని రద్దు చేయరు. అందులో వాళ్ల చెడ్డతనమేమీ లేదు, ఖర్చు వాళ్ల కంటికి కనబడదు, అంతే. వంతులు వేసినప్పుడు ఆ ఖర్చు అందరికీ కనబడుతుంది. అప్పుడు మీటింగులు వాటంతటవే తగ్గుతాయి. పది మేనేజ్‌మెంట్ వర్క్‌షాపుల్లో నేర్వనిది మాకు ఆ మూడు వారాల్లో తెలిసింది.

మీరు మేనేజర్ కాకపోవచ్చు. కాల్ టైమ్ మార్చే అధికారం మీ చేతిలో ఉండకపోవచ్చు. అయినా ఆ పట్టిక మీరూ గీయగలరు. గడిచిన నెలలో మీ టీమ్‌లో ఎవరు ఎన్ని రాత్రులు 8 తర్వాత కాల్‌లో ఉన్నారో రాసి, మీ పైవాళ్లకు పంపండి. కష్టాలు చెప్పుకున్నట్టు రాయొద్దు. అంకెలే రాయండి. సాకు చెబుతున్నావని ఫిర్యాదును తోసేయవచ్చు, తారీఖులతో సహా రాసిన లెక్కను తోసేయడం కష్టం. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి పనివేళలు దాటాక ఆఫీసు పిలుపుకు బదులివ్వకుండా ఉండే హక్కు ఉద్యోగులకు చట్టంలోనే ఉంది. పోర్చుగల్ 2021లో ఇంకో అడుగు ముందుకేసి, వేళ కాని వేళ ఉద్యోగిని కదిలించకూడదని యజమానులకే చెప్పింది. మన టీమ్‌లో అలాంటి నియమం పెట్టుకోవడానికి మనకు చట్టం దాకా వెళ్లాల్సిన పని లేదు.

రాసి అప్పజెప్పండి

1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో కేంద్రం పెట్టి, ఉపగ్రహం ద్వారా అమెరికాతో లింకు ఏర్పాటు చేసుకుంది. 1998లో మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌కు వచ్చింది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైందీ ఆ ఏడాదే. వై2కె పనులు జోరుగా సాగుతున్న ఆ రోజుల్లో విదేశీ క్లయింట్లకు మన కంపెనీలు చెప్పిన గొప్ప ఆకర్షణ ఒకటుంది. మీకు పొద్దుగూకే వేళకు మాకు తెల్లవారుతుంది, మీరు పడుకుని లేచేలోగా పని అయిపోయి ఉంటుంది అని. ఆ మాటను జాగ్రత్తగా చూడండి. అందులో ఎవరూ రాత్రి మేలుకోవాలని లేదు. ఇద్దరూ ఎవరి పగటిపూట వాళ్లు పనిచేస్తారనే దాని అర్థం. మరి ఈ రాత్రి కాల్స్ ఎక్కణ్నుంచి వచ్చాయి?

అప్పగింత సరిగా లేకపోవడం నుంచి వచ్చాయి. రాతలో చెప్పాల్సింది చెప్పకపోతే దాన్ని నోటితో చెప్పడానికి ఇద్దరూ ఒకే గంటకు మేలుకోవాలి. ఇద్దరిలో ఒకరికి అది రాత్రే.

సాయంత్రం 6.30కి హైదరాబాద్ నుంచి ఒకరు ఇలా రాసి ఇంటికి వెళ్లాడనుకోండి: "పేమెంట్ బగ్ చూస్తున్నాం. దాదాపు అయిపోయింది. కొంచెం పెండింగ్ ఉంది. దయచేసి చూడగలరు." సియాటిల్‌లో 9 గంటలకు అది చదివినవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. ఏ బగ్, ఎంత అయింది, ఏది పెండింగ్, నన్ను చూడమంటున్నది దేన్ని? తిరిగి అడుగుతాడు. ఇక్కడ మర్నాడు పొద్దున చూసి జవాబిస్తారు. అది అతను మళ్లీ తన పొద్దున చదువుతాడు. ఒక్క అస్పష్టమైన మాటకు పూర్తిగా ఒక రోజు పోయింది. అలాంటివి మూడుంటే వారంలో సగం. ఆ వారం గడిచాక ఎవరో ఒకరు విసిగిపోయి "రోజూ ఒక కాల్ పెట్టుకుందాం" అంటారు. ఆ కాల్ ఇంకెన్నటికీ పోదు.

ఇప్పుడు అదే సంగతి ఇంకోలా రాసి చూద్దాం. "పే బటన్ రెండుసార్లు నొక్కితే కస్టమర్ డబ్బు రెండుసార్లు కట్ అవుతోంది. టెస్ట్ సర్వర్‌లో పదిసార్లు ప్రయత్నిస్తే నాలుగుసార్లు జరిగింది. టైమ్‌అవుట్ 30 సెకన్ల నుంచి 60కి పెంచి చూశాను, తేడా లేదు, కాబట్టి కారణం అది కాదు. మళ్లీ ప్రయత్నించే కోడ్ మీద నాకు అనుమానం ఉంది, ఇంకా చూడలేదు. మీరు అక్కణ్నుంచి మొదలుపెట్టండి. రిలీజ్ ఆపాలా వద్దా అన్నది మీరు మీ మధ్యాహ్నం లోగా చెప్పాలి. మీ నుంచి ఏమీ రాకపోతే మేం ఆపేస్తాం."

ఇందులో అన్నిటికన్నా విలువైనది ఆఖరి మాట. జవాబు రాకపోతే ఏం జరుగుతుందో ముందే చెప్పడం. దానివల్ల ఎవరూ ఎవరి కోసమూ చేతులు కట్టుకుని కూర్చోరు. చూసి వదిలేసిన దారి గురించి, అంటే టైమ్‌అవుట్ సంగతి రాయడం కూడా అంతే ముఖ్యం. లేకపోతే అక్కడివాడు తన రోజంతా అదే దారిలో మళ్లీ నడుస్తాడు. ఇలా రాయడానికి పావుగంట పడుతుంది. ఇంటికి బయల్దేరే ముందు ఆ పావుగంట చాలా బరువుగా అనిపిస్తుందని నాకు తెలుసు. మా టీమ్‌లో ఆ పావుగంటను పనివేళల్లో భాగం చేశాం. 6.15 తర్వాత కొత్త పని ఎవరూ ముట్టుకోరు, అప్పగింత రాస్తారు. ఈ నియమం మేనేజర్ తనకు తాను పాటిస్తేనే నిలుస్తుంది.

ఇది కొత్త విద్య కూడా కాదు. 1991లో హెల్సింకీలో ఒక విద్యార్థిగా లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఇవాళ ప్రపంచంలోని ఎన్నో సర్వర్లను నడుపుతోంది. దాన్ని రాసిన వేలాదిమంది దేశదేశాల్లో ఉన్నారు, చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. మార్పులు ఈమెయిల్‌లో పంపుతారు, అక్కడే వాదించుకుంటారు, ఎందుకు చేశారో రాతలోనే ఉంటుంది. ఆ పని సాగడానికే టోర్వాల్డ్స్ 2005లో గిట్ తయారుచేశారు. ఇవాళ మన కోడ్‌లో ఎక్కువ భాగం ఉండేది అందులోనే. పరికరం మాత్రం తెచ్చుకున్నాం, దాని వెనకున్న రాసే అలవాటును తెచ్చుకోలేదు. గిట్‌ల్యాబ్ అనే కంపెనీ హెడ్డాఫీసు భవనమంటూ లేకుండా పనిచేస్తూ 2021లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. తమ పని పద్ధతుల పుస్తకాన్ని ఎవరైనా చదువుకునేలా వెబ్‌లో పెట్టింది. మీకు వీలున్నప్పుడు అందులో మీటింగుల గురించిన భాగమైనా చదవండి.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 03/04 అని రాస్తే మనకు ఏప్రిల్ 3, అమెరికావాళ్లకు మార్చి 4. నెల పేరు అక్షరాల్లో రాయండి, గొడవ ఉండదు. లక్ష, కోటి బయటివాళ్లకు తెలియవు. టైమ్ రాస్తే పక్కన ఊరి పేరు రాయండి. ఇంత చిన్న విషయాలకు ఇంత పట్టింపా అనిపిస్తే, 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి దగ్గర నాసా పోగొట్టుకున్న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను తలుచుకోండి. నౌకను తయారుచేసిన లాక్‌హీడ్ మార్టిన్ సాఫ్ట్‌వేర్ ఒక లెక్కను పౌండ్ల కొలతలో ఇచ్చింది. కాలిఫోర్నియాలోని నాసా బృందం దాన్ని న్యూటన్ల కొలత అనుకుంది. రెండు బృందాలదీ ఒకే దేశం, ఒకే భాష. అయినా నౌక దక్కలేదు.

'చూద్దాం' అంటే ఏమిటి?

మన ఇళ్లలో "చూద్దాంలెండి" అంటే చాలాసార్లు కాదని అర్థం. "అలాగేనండి" అంటే విన్నానని అర్థం, చేస్తానని కాదు. తల అడ్డంగా ఊపుతూ ఒప్పుకుంటాం. మనకు మనకు ఇందులో అయోమయం లేదు, గొంతును బట్టి తెలిసిపోతుంది. ఇదే అలవాటు ఇంగ్లిష్‌లోకి వెళ్లినప్పుడు ఇబ్బంది వస్తుంది. "శుక్రవారానికి అవుతుందా?" అని క్రాకోవ్ నుంచి అడుగుతారు. "ట్రై చేస్తాం" అంటాడు మనవాడు. అతని మనసులో అది కష్టమన్న మాట. అవతల అది మాట ఇచ్చినట్టు. శుక్రవారం వస్తుంది, పని రాదు. అప్పట్నుంచి ఆ కుర్రాడు వాళ్ల లెక్కలో మాట మీద నిలబడనివాడు. అతను అబద్ధం చెప్పలేదు. కాదనడానికి మర్యాద అడ్డొచ్చింది.

మనీలా టీమ్‌తో పనిచేస్తున్నప్పుడు నాకొకటి తెలిసి ఎంతో దగ్గరితనం కలిగింది. మనం మాట చివర 'అండీ' చేర్చినట్టే వాళ్ల తగాలోగ్‌లో గౌరవానికి 'పో' చేరుస్తారు. పెద్దవాళ్ల మాటకు నేరుగా ఎదురుచెప్పడానికి అక్కడ చాలామందికి మనలాగే మొహమాటం. మా పోలండ్ మిత్రులు "ఈ డిజైన్ పనికిరాదు" అని మొదటి నిమిషంలోనే అనేవాళ్లు. మావాళ్లు దాన్ని అవమానంగా తీసుకునేవాళ్లు. నిజానికి డిజైన్‌ను శ్రద్ధగా చదివినందుకు అది గుర్తు. అలాగని దేశానికో గుణం అంటగట్టకండి. ముక్కుసూటిగా మాట్లాడే మనీలా అమ్మాయీ, నోరు మెదపని క్రాకోవ్ అబ్బాయీ మా టీమ్‌లోనే ఉన్నారు.

'డౌట్' అనే మాట సంగతి కూడా చెప్పాలి. మనం బడిలో మొదలుపెట్టి "సార్, ఒక డౌట్" అంటూ పెరిగాం. మనకది ప్రశ్న. అమెరికావాడికి మాత్రం "మీ ప్లాన్ మీద నాకు డౌట్ ఉంది" అంటే దాన్ని నమ్మడం లేదని. నా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి వారంలో ఆ వాక్యం రాసింది. క్లయింట్ వైపు నుంచి మూడు పేజీల సమర్థన వచ్చింది. ఆమె అడగాలనుకున్నది మాత్రం ఒక ఫైలు ఎక్కడుందని.

మేనేజర్‌గా మీరు మార్చుకోవాల్సింది మీ ప్రశ్నలను. "అవుతుందా?" అని అడిగితే మర్యాదస్తులందరూ అవుతుందనే అంటారు. "ఇది ఆలస్యమైతే దేనివల్ల అవుతుంది?" అని అడగండి. "మొదట ఏ ముక్క చేస్తావు, ఎప్పటికి నాకు చూపిస్తావు?" అనండి. కాదనకుండానే కష్టం చెప్పే దారి దొరుకుతుంది వాళ్లకు. ఎవరైనా ముందుగా "ఇది కుదరదు" అని చెప్పినప్పుడు అందరి ముందూ వాళ్లకు థాంక్స్ చెప్పండి. రెండుసార్లు అలా చేస్తే చాలు, మూడోసారి నిజం ఇంకా ముందే మీ దగ్గరికి వస్తుంది.

మనవాళ్లే కదా

ఇది రాయడం నాకు కొంచెం బాధే, కానీ తెలుగు పాఠకుల కోసం రాస్తున్న పుస్తకంలో తప్పించుకోకూడదు. ఇవాళ తెలుగువాళ్లు ఈ కాల్‌కు రెండు వైపులా ఉన్నారు. డాలస్‌లోనో సియాటిల్‌లోనో మేనేజర్ మనవాడే, హైదరాబాద్‌లో ఇంజినీరూ మనవాడే. ఇందులో మంచి ఎంతో ఉంది. పండక్కి పల్లెకు వెళ్తున్నానంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. కానీ ఆ చనువే ఒక్కోసారి ఉచ్చవుతుంది. అమెరికన్ మేనేజర్ రాత్రి 11కి ఫోన్ చేయడానికి జంకుతాడు. మనవాడు జంకడు. "తమ్ముడూ, పడుకున్నావా? చిన్న పని, ఒక్క పది నిమిషాలు చూడవా" అంటాడు. ఆ తమ్ముడు కాదనలేడు. మేనేజర్ మాట కాదనడం వేరు, అన్న మాట కాదనడం వేరు. వరసలు కలుపుకోవడం మన భాషకు అందం. దాన్ని రాత్రిపూట పని చేయించుకోవడానికి వాడొద్దు. మీరు ఆ 'అన్న' స్థానంలో ఉంటే, పక్కటీమ్‌లోని పోలండ్ మనిషికి ఆ వేళ ఫోన్ చేస్తారా అని మిమ్మల్ని మీరు అడగండి. చేయననిపిస్తే తమ్ముడికీ చేయకండి.

ఇంకొకటి, కాల్‌లో తెలుగు. నలుగురు మనవాళ్లు కలిసేసరికి, "అది అట్ల గాదు, ముందు ఆ టేబుల్ చూడు" అంటూ రెండు నిమిషాలు తెలుగులో సాగిపోతుంది. ఆ రెండు నిమిషాలూ మనీలా అమ్మాయి స్క్రీన్ వంక చూస్తూ ఉండిపోతుంది. తనను దాటించి ఏదో నిర్ణయమైందని ఆమెకు అర్థమవుతుంది, ఏమిటో అర్థం కాదు. నేను ఈ విషయం గమనించింది ఆమె ఉద్యోగం మానేస్తున్నప్పుడు. వెళ్లే ముందు మాట్లాడినప్పుడు ఆమె చెప్పిన ఒకే ఒక్క కారణం అది. తెలుగు మీద నాకున్న ప్రేమ తక్కువది కాదు. అందుకే అంటున్నాను, మన భాష మరొకరిని బయట నిలబెట్టే తలుపు కాకూడదు. తెలుగులో మాట్లాడుకుంటేనే తేలే విషయమైతే వేరే కాల్ పెట్టుకోండి, తేలినదాన్ని అందరికీ అర్థమయ్యే భాషలో రాయండి.

మనుషుల్ని 'రిసోర్స్' అనడం మానేయండి. "నాకు ఇంకో ఇద్దరు రిసోర్సులు కావాలి" అన్నప్పుడు ఆ ఇద్దరికీ పేర్లు ఉండవు, ఊళ్లుండవు, అక్క కూతుళ్ల పెళ్లిళ్లుండవు. పేరు పిలవడం కూడా నేర్చుకోవాలి. పోలిష్ పేర్లు మనకు నోరు తిరగవు, మన ఇంటిపేర్లు వాళ్లకు తిరగవు. చేరిన రోజే ప్రతి ఒక్కరూ తమ పేరు పలికి రికార్డు చేసి పెట్టే పద్ధతి మేం మొదలుపెట్టాం. దానికి పట్టేది అర నిమిషం.

అప్రైజల్ దగ్గర అసలు పరీక్ష. పై మేనేజర్ ఉన్న ఊళ్లో పనిచేసేవాడు లిఫ్టులో కనిపిస్తాడు, కాఫీ దగ్గర కనిపిస్తాడు. రేటింగ్ వేసే వేళకు ముందు గుర్తొచ్చే ముఖం అతనిదే. వేల కిలోమీటర్ల అవతల రాత్రి 2 గంటలకు సర్వర్ నిలబెట్టిన మనిషి ముఖం గుర్తు రాదు. సర్వర్ పడిపోలేదు కాబట్టి ఆ రాత్రి సంగతే ఎవరికీ తెలియదు. అందుకని నెలకోసారి ఒక్కొక్కరి గురించి రెండు వాక్యాలు రాసి దాచుకోండి. ఏం చేశారు, ఎవరికి మేలు జరిగింది అని. ఏడాది చివర రేటింగులు వేశాక వాటిని ఊరివారీగా విడదీసి చూడండి. పెద్ద రేటింగులన్నీ ఒకే ఊళ్లో పోగుపడితే అక్కడ ప్రతిభ ఎక్కువుందని అనుకునే ముందు, మీ చూపు ఎక్కడెక్కడిదాకా వెళ్లిందో ఆలోచించండి. మంచి పని, అంటే కొత్త డిజైన్లు, క్లయింట్ ముందు మాట్లాడే అవకాశాలు కూడా ఇలాగే పంచాలి. ఒక ఊరికి ఆలోచించే పని, ఇంకో ఊరికి అర్ధరాత్రి అలారాలకు లేచే పని ఇస్తే, రెండో ఊళ్లోని మంచివాళ్లు ఏడాది తిరక్కుండా వెళ్లిపోతారు.

సెలవుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సంక్రాంతి, మనీలాలో ఈస్టర్‌కు ముందు గురు శుక్రవారాలు, పోలండ్‌లో సమాధుల దగ్గర దీపాలు పెట్టే నవంబర్ 1, అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. అన్నీ ఒకే క్యాలెండర్‌లో వేసి, ఏ ఊరి పండగ ముందురోజూ రిలీజ్ పెట్టకండి. సంక్రాంతికి ఊరెళ్లినవాడికి భోగి మంట దగ్గర ఫోన్ చేస్తే, ఆ పని అయిపోయినా ఆ ఫోన్ అతనికి ఎప్పటికీ గుర్తుంటుంది.

తణుకు పెళ్లి జరిగిన ఏడాదిన్నరకు ఆ పిల్లకు కూతురు పుట్టింది. బారసాల రోజు మా ఇంజినీర్ లీవు పెట్టాడు. అది కూడా రిలీజ్ వారమే. ముందురోజు సాయంత్రం అతను రాసిన అప్పగింత ఒకటిన్నర పేజీ వచ్చింది. చివర, జవాబు రాకపోతే ఏం చేయాలో రాసి ఉంది. మర్నాడు అతనికి ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ రాత్రి సియాటిల్‌లో ఇద్దరు, మనీలాలో ఒకరు కూర్చుని రిలీజ్ పూర్తిచేశారు.

ఇవాళ పడుకునే ముందు మీ క్యాలెండర్ తెరవండి. వచ్చే వారంలో రాత్రి 8 తర్వాత ఉన్న కాల్స్ లెక్కపెట్టండి. అందులో మీరు పెట్టినవి ఎన్నో, మీరు పెట్టిన కాల్స్ ఇంకో ఊళ్లో ఎవరికి అర్ధరాత్రి అవుతున్నాయో చూడండి. వాటిలో ఒక్కదాన్ని రద్దుచేసి, చెప్పాలనుకున్నది రాసి పంపండి.